తాండూరు రాయి, గాజు తొట్టిలో నీరు

తాండూరు చుట్టుపక్కల గనుల్లో సున్నపురాయి పుస్తకంలోని కాగితాల్లా పొరలు పొరలుగా లేస్తుంది. నీలి, బూడిద, పసుపు ఛాయలున్న ఆ పలకలను కోసి, అంచులు చెక్కి, నునుపు చేసే పాలిషింగు యూనిట్ల పక్కన తెల్లని రాతిబురద కాలువలు కట్టి ఆరిపోతుంటుంది. లారీలకెక్కిన బండలు దూరప్రాంతాల ఇళ్లలో నేలలై పరుచుకుంటాయి. పట్టణంలో అదే రాయి అరుగై, మెట్టై, ప్రహరీ గోడై అడుగడుగునా కనిపిస్తుంది, కంటికి కనిపించని రూపంలో బోరు నీటిలోనూ ఉంటుంది. ముందుగదిలో దీపం వెలుగుతున్న గాజు తొట్టిని దగ్గరగా చూస్తే, నీటిమట్టానికి కొంచెం పైన అద్దం చుట్టూ వేలితో గీకినా ఊడని తెల్లని గీత ఒకటి తేలుతుంది. అది గనిలోని రాయే. వానతో భూమిలోకి దిగి, నీటిలో కరిగి, మోటారుతో పైకి వచ్చి, నీరు ఆవిరైన చోట మళ్లీ రాయిగా మారి అద్దానికి అంటుకుంది.

ఇంట్లో అక్వేరియం పెట్టుకునే అలవాటు మహానగరాల నుంచి వికారాబాద్, తాండూరు వంటి పట్టణాలకు చేరిన తర్వాత, పిల్లల కోసం తెచ్చిన రంగుచేపలు వారం తిరగకుండానే పైకి తేలిపోవడం చాలా ఇళ్లలో చెప్పుకునే బాధగా మారింది. మేత ఎక్కువైందని కొందరు, చేపలే మంచివి కావని కొందరు, దిష్టి తగిలిందని మరికొందరు అనుకుంటారు గాని, నీటిలో కరిగి ఉన్న రాయి సంగతి చాలామందికి తట్టదు. ఆ రాయి చేపకు శత్రువు కాదు. దాని లెక్క తెలియకుండా నీటిని ఒక రోజు ఒక రకంగా, మరో రోజు మరో రకంగా మార్చడమే చేపల ప్రాణం తీస్తుంది.

ఒకే కొండ, రెండు నదులు

వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా హైదరాబాద్ మీదుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. అవే కొండల్లో పుట్టిన కాగ్నా పడమటి దారి పట్టి, తాండూరు మీదుగా కర్ణాటకలో ప్రవేశించి భీమాలో కలుస్తుంది. నదులు రెండుగా చీలినట్టే ఈ ప్రాంతపు నేల కూడా రెండు స్వభావాలుగా విడిపోయింది. అనంతగిరి శిఖరాల మీద ఉన్నది లాటరైటు, అంటే ఎండకూ వానకూ వేల వేల ఏళ్లు నాని, కరిగే ఖనిజాలన్నీ కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మాత్రం మిగిలిన ఎర్రని తుప్పురాయి; దాని కింద సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కను లావా గడ్డకట్టిన నల్లరాయి, అంటే బసాల్టు ఉంది. లాటరైటులో కరగవలసినది ముందే కరిగిపోయింది కనుక, దానిలోంచి ఊరే నీరు సహజంగా ఎక్కువ ఖనిజాన్ని మోసుకురాదు.

తాండూరు వైపు దిగేసరికి కథ మారుతుంది. కర్ణాటకలోని కలబురగి, యాదగిరి ప్రాంతాల నుంచి ఇటు విస్తరించిన భీమా శిలాసమూహంలో సున్నపురాయి ప్రధానం. ఆ శిలలు జంతుజాలం భూమి మీద వ్యాపించకముందు, ఒక పురాతన సముద్రం అడుగున పేరుకున్న ఒండ్రు నుంచి ఏర్పడ్డాయి. షాబాదు బండలుగా, తాండూరు బండలుగా పేరుపడిన పలకలూ, ఇక్కడి సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకూ ఆ పొరల్లోంచే వస్తాయి. గాలిలోని కార్బన్ డై ఆక్సైడును కలుపుకొన్న వాన నీటి పీహెచ్ సుమారు 5.6, అంటే అది కొద్దిపాటి ఆమ్లం. మట్టిలోని వేర్లూ సూక్ష్మజీవులూ విడిచే అదే వాయువును మరింత తీసుకొని ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగినప్పుడు, కరగని కాల్షియం కార్బొనేటు కరిగే కాల్షియం బైకార్బొనేటుగా మారుతుంది. నీరు గట్టిపడిందని, అంటే కఠిన జలమైందని అనేది దీన్నే.

అయితే శిలల పటం చూసి ఏ ఇంటి నీటినీ తేల్చేయడం సరికాదు. బోరు ఎంత లోతుకు దిగింది, ఏ పగులులోంచి ఊట వస్తోంది అన్నదాన్ని బట్టి ఒకే వీధిలోని రెండు బోర్ల నీళ్లు వేరుగా ఉండవచ్చు, వికారాబాద్‌లోనూ గట్టి నీరు పడవచ్చు. నేల ఒక సూచన ఇస్తుంది, నిర్ధారణ మాత్రం పరీక్షతోనే జరగాలి.

'ఉప్పునీళ్లు' అన్న మాటలో మూడు సంగతులు

ఈ ప్రాంతంలో సబ్బు నురగరాని నీటిని, పప్పు ఉడకని నీటిని జనం ఉప్పునీళ్లంటారు. 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు సైతం గట్టి నీటిలో ఉడకడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఎందుకంటే నీటిలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టి బిగిస్తుంది. వంటింట్లో ఏళ్ల తరబడి గమనించిన మహిళలు ఏ బిందె నీళ్లు పప్పుకు పనికొస్తాయో, ఏవి గిన్నెలు తోమడానికే పనికొస్తాయో రుచి చూసే చెప్పగలరు. అక్వేరియానికి కావలసిన మొదటి జ్ఞానం ఆ విధంగా ఇంట్లోనే ఉంది. కాని ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు కొలతలు దాగి ఉన్నాయి, చేపల విషయంలో వాటిని విడదీసి చూడవలసి ఉంటుంది.

మొదటిది నీటిలో కరిగిన పదార్థాల మొత్తం, అంటే టీడీఎస్. పెన్నులాంటి మీటరు చూపేది దీన్నే. అది నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో కొలిచి అంకెగా మారుస్తుందే తప్ప, కరిగినది సున్నమో మామూలు ఉప్పో చెప్పదు. రెండవది మొత్తం కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియంల పరిమాణం. అక్వేరియం పెట్టేవారు దీన్ని జీహెచ్ అంటారు. మూడవది క్షారత్వం, అంటే బైకార్బొనేటుల బలం, ఆమ్లం వచ్చి పడితే దాన్ని మింగేసే శక్తి. దీనికి వాడుక పేరు కేహెచ్. సున్నపురాతి నీటిలో జీహెచ్, కేహెచ్ సాధారణంగా కలిసి పెరుగుతాయి గాని, అన్ని చోట్లా అలా జరగదు. గట్టి నీటిని సోడియం రెసిన్ ద్వారా పంపే సాఫ్టెనర్ యంత్రం కాల్షియాన్ని తీసి దాని స్థానంలో సోడియాన్ని పెడుతుంది. బట్టలకు, గీజరుకు అది మేలే గాని క్షారత్వం చెక్కుచెదరదు, టీడీఎస్ తగ్గదు. చేపకు కావలసిన మార్పు అది కాదు.

> అంకెల్లో కఠినత్వం
> భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500, 2012) ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతిస్తారు. క్షారత్వానికీ ఇవే హద్దులు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. అక్వేరియం కిట్లలో కనిపించే 1 జర్మన్ డిగ్రీ లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుతో సమానం. చుక్కల కిట్‌లో రంగు మారేదాకా ఒక్కో చుక్క వేస్తూ లెక్కపెడతారు. చాలా కిట్లలో ఒక చుక్క ఒక డిగ్రీ.

పీహెచ్ కదలదు, కదిలితే ఆగదు

పీహెచ్ అనే కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు. 7 తటస్థం, దానికి దిగువ ఆమ్లం, ఎగువ క్షారం అన్నది బడిలో అందరూ చదివినదే గాని, ఒక్కో అంకెకూ పది రెట్ల తేడా అన్న సంగతి తొట్టి దగ్గరకు వచ్చేసరికి మరుగున పడుతుంది. పీహెచ్ 8 నుంచి 7కు దిగడం కంటికి చిన్న మార్పు, చేప మొప్పకు పది రెట్ల మార్పు.

గట్టి నీటిలో పీహెచ్‌ను దించాలనుకునేవారు నిమ్మరసమో, దుకాణంలో అమ్మే ఆమ్లపు సీసాలోని చుక్కలో వేస్తారు. బైకార్బొనేటులు ఆ ఆమ్లాన్ని మింగి కార్బన్ డై ఆక్సైడుగా మార్చేస్తాయి. ఆ వాయువు నీటిలో ఉన్నంతసేపు పీహెచ్ తగ్గినట్టు కనబడుతుంది, గాలిబుడగలతో అది బయటికి పోగానే మళ్లీ పాత అంకె దగ్గరకు చేరుతుంది. మరునాడు మళ్లీ చుక్కలు, మళ్లీ దిగుడు, మళ్లీ ఎక్కుడు. ఈ ఊగిసలాటలో నలిగిన చేప, పీహెచ్ 8.2 దగ్గర నిలకడగా ఉన్న తొట్టిలోని చేప కంటే ముందుగా జబ్బుపడుతుంది. క్షారత్వాన్ని తగ్గించకుండా పీహెచ్‌ను తగ్గించబోవడం వృథా శ్రమ.

బోరు నీటి విషయంలో మరో చిక్కు ఉంది. భూమి లోపల కార్బన్ డై ఆక్సైడు ఒత్తిడిలో కరిగి ఉంటుంది గనుక, అప్పుడే తోడిన నీటి పీహెచ్ 7 దగ్గర చూపి, ఒక రాత్రి గాలి తగిలేసరికి 8 దాటవచ్చు. ఆ నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. మోటారు వేసి పైపు నేరుగా తొట్టిలో పెట్టినప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడానికి కఠినత్వం కంటే ఈ రెండే తరచుగా కారణం. బకెట్లో పట్టి, గాలి పంపు గొట్టం వేసి, 24 గంటలు ఉంచిన తర్వాతే ఆ నీటిని కొలవాలి, ఆ తర్వాతే వాడాలి. ప్రభుత్వ తాగునీటి పథకమైన మిషన్ భగీరథ పైపుల్లో వచ్చేది శుద్ధిచేసిన నదీజలం గనుక అది మరో స్వభావం గలది; దానిలోని క్లోరిను పోవడానికీ ఆ 24 గంటల గాలే చాలావరకు సాయపడుతుంది. భగీరథ నీరు వచ్చిన వారం అదీ, రాని వారం బోరు నీరూ పోయడం వల్ల ఎన్నో తొట్లు పాడవుతాయి; రెంటిలో ఏదో ఒకదాన్ని, లేదా రెంటి మిశ్రమాన్ని ఒకే పాళ్లలో ఎప్పుడూ వాడటమే క్షేమం.

మొప్పల దగ్గర జరిగేది

మంచినీటి చేప శరీరంలోని రక్తం చుట్టూ ఉన్న నీటి కంటే ఉప్పగా ఉంటుంది గనుక నీరు మొప్పల గుండా ఎడతెగకుండా లోపలికి చొరబడుతుంది, లవణాలు బయటికి జారిపోతుంటాయి. చేప ఆ నీటిని పలుచని మూత్రంగా తోడిపోస్తూ, పోయిన లవణాలను మొప్పలతో తిరిగి పట్టుకుంటూ బతుకుతుంది. నీటిలోని కాల్షియం మొప్పల కణాల మధ్య సందులను బిగించి ఈ పారుదలను అదుపులో ఉంచుతుంది. కఠినత్వం ఒక్కసారిగా మారితే ఆ యంత్రాంగమంతా కొత్త లెక్కకు సర్దుకోవలసి వస్తుంది, దానికి గంటలు కాదు, రోజులు పడుతుంది.

తాండూరు వంటి చోట ఇంతకంటే తీవ్రమైన ప్రమాదం అమ్మోనియాది. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లడం వల్ల పుట్టే ఈ పదార్థం రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియంగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు, స్వేచ్ఛా అమ్మోనియాగా మారితే మొప్పలను కాల్చేస్తుంది. నీరు 25 డిగ్రీల వేడిమిలో ఉన్నప్పుడు, పీహెచ్ 7 వద్ద మొత్తంలో విష రూపం అర శాతం దాకా మాత్రమే ఉంటుంది, 8 వద్ద సుమారు 5 శాతానికి, 9 వద్ద మూడో వంతుకు పైగా చేరుతుంది, వేసవిలో ఇంకా పెరుగుతుంది. మెత్తని నీటిలో క్షమించదగిన మేత పొరపాటు గట్టి నీటిలో పది రెట్ల శిక్ష వేస్తుందన్న మాట. ఈ ఊళ్లలో తొట్టి పెట్టేవారు పీహెచ్ తగ్గించే సీసా కొనడానికి ముందు మేతను సగానికి తగ్గించడం, ఫిల్టరులో బాక్టీరియా కుదురుకునేదాకా నెల రోజులపాటు తక్కువ చేపలతో ఓపిక పట్టడం ఎంతో మేలు.

చేపను ఇంటికి తెచ్చిన సంచిలోనూ ఇదే రసాయనం నడుస్తుంది. చెన్నైలోని కొళత్తూరు వంటి రంగుచేపల కేంద్రాల నుంచి దుకాణాలకు, అక్కడి నుంచి ఇళ్లకు చేరే పాలిథిన్ సంచిలో చేప వదిలిన కార్బన్ డై ఆక్సైడు పీహెచ్‌ను దించేస్తుంది గనుక పేరుకున్న అమ్మోనియా నిద్రాణంగా ఉంటుంది. మూతి విప్పగానే వాయువు పోయి, పీహెచ్ లేచి, విషం మేలుకుంటుంది. ఎక్కువసేపు ప్రయాణం చేసిన సంచిని మూతి కట్టి ఉంచే 15, 20 నిమిషాలు తొట్టిలో తేల్చి, వేడిమి సమానమయ్యాక విప్పి, చేపను వలతో తీసి తొట్టిలో వదిలి, ఆ సంచి నీటిని పారబోయడమే మంచిది.

క్యాన్ నీళ్లతో వచ్చే చిక్కు

బోరు నీరు గట్టిదని తెలియగానే చాలామంది చేసే పని, 20 లీటర్ల క్యాన్ నీళ్లు తెచ్చి తొట్టిని నింపడం. ఆర్వో యంత్రం గుండా వచ్చిన నీటిలో కాల్షియంతో పాటు క్షారత్వమూ దాదాపు మిగలదు. ఫిల్టరులోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ మారడానికి సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత్వం ఖర్చవుతుంది. గట్టి నీటిలో ఈ ఖర్చు కనబడదు, ఒట్టి ఆర్వో నీటిలో కొద్ది వారాల్లోనే ఖజానా ఖాళీ అవుతుంది. ఆపై పీహెచ్ 6 దిగువకు జారిపోతుంది, బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియం పేరుకుంటుంది. నీరు పాడైందని కంగారుపడి సగం తొట్టి తీసి బోరు నీరు పోస్తే, పీహెచ్ ఒక్కసారిగా 8కి ఎగబాకి ఆ నిల్వంతా విషమవుతుంది. తెల్లవారి పిల్లలు చూసే దృశ్యం వెనుక ఉన్నది ఇదే. శుభ్రమైన నీళ్లే పోశామన్న పెద్దల వేదనలో అబద్ధం లేదు.

నత్తలు ఈ ప్రమాదాన్ని ముందే చెబుతాయి: సున్నం చాలని నీటిలో వాటి గుల్లల మీద తెల్లని గుంటలు పడతాయి. క్షారత్వం 4 డిగ్రీలకు, అంటే లీటరుకు సుమారు 70 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకుంటే ఈ పతనం రాదు. తగ్గితే 100 లీటర్లకు 3 గ్రాముల వంటసోడా కలిపితే ఒక డిగ్రీ పెరుగుతుంది. కడిగిన తాండూరు రాతి ముక్కలను పలుచని గుడ్డసంచిలో ఫిల్టరులో పెట్టినా సరే. నీరు ఆమ్లమైనప్పుడు రాయి కరుగుతుంది, క్షారమైనప్పుడు ఊరకుంటుంది. అందుకే అలంకారం కోసం పెట్టే రాయిని ముందుగా పరీక్షించాలి: మీద వెనిగరు చుక్కలు వేస్తే సన్నని బుడగలు పొంగేది సున్నపురాయి, పొంగనిది నల్లరాయో గ్రానైటో అయి ఉంటుంది.

> సున్నంతో సున్నాన్ని దించినవాడు
> స్కాట్లాండులోని అబర్డీన్‌లో రసాయన శాస్త్రం బోధించిన థామస్ క్లార్క్, గట్టి నీటిలో సున్నపు తేట కలిపి మెత్తబరిచే పద్ధతికి 1841లో పేటెంటు పొందాడు. తేట నీటిలోని కార్బన్ డై ఆక్సైడును లాగేయగా, కరిగిన సున్నం తెల్లని ఒండ్రుగా అడుగుకు దిగుతుంది. నీటిశుద్ధి కేంద్రాలకు తగిన ఈ పద్ధతిని ఇంటి తొట్టిలో ప్రయత్నించకూడదు. పీహెచ్ ప్రాణాంతకంగా పెరుగుతుంది. ఇంట్లో అదే ఫలితం నీటిని మరిగించి, చల్లార్చి, పైతేటను వంచుకుంటే కొంతవరకు వస్తుంది. కెటిల్ అడుగున పేరుకునే పొర ఆ ఒండ్రే.

నీటికి తగిన చేప

నీటిని చేపకు తగ్గట్టు మార్చడం కంటే నీటికి తగ్గ చేపను ఎంచుకోవడం ఎంతో సులువు, ఎంతో చవక. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్‌లకు గట్టి నీరే పుట్టిల్లు; మెత్తని నీటిలో మోలీ వణుకుతున్నట్టు ఒకేచోట ఊగుతూ కృశిస్తుంది. దోమల లార్వాలను తినడానికి బావుల్లో, నీటి తొట్లలో వదిలే గప్పీ సైతం సున్నపు నీటిలో హాయిగా పిల్లలు పెడుతుంది. మలేషియాలో 1990లలో సంకరం చేసిన ఫ్లవర్‌హార్న్, గోల్డ్‌ఫిష్, మన ఉపఖండపు చేప అయిన జీబ్రా డానియో ఈ నీటికి సర్దుకుంటాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీటి పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా, టాంగన్యీకాది 9 దాకా ఉంటుంది గనుక అక్కడి సిక్లిడ్‌లకు తాండూరు బోరు పీహెచ్ కొత్తగా తోచదు. మలావీ నీరు క్షారమే గాని అంత గట్టిది కాదన్న తేడా ఉన్నా ఆ చేపలు తట్టుకుంటాయి. మొక్కల్లో వాలిస్నేరియా, హైడ్రిల్లా బైకార్బొనేటు నుంచే కార్బన్‌ను తీసుకోగలవు, గట్టి నీరు వాటికి ఎరువుతో సమానం.

నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా, డిస్కస్ అమెజాన్ పరీవాహకంలోని మెత్తని, ఆమ్లపు నీటి చేపలు. చెరువుల్లో తరతరాలుగా పెంచినవి మధ్యరకం నీటిలో బతుకుతాయి గాని, గట్టి నీటిలో టెట్రా గుడ్లు సాధారణంగా పొదగవు. ఆ చేపలే కావాలన్న కోరిక తప్పేమీ కాదు, దానికి నీటిని కలుపుకోవాలి. ఉదాహరణకు బోరు నీటి కఠినత్వం లీటరుకు 500 మిల్లీగ్రాములై, కావలసినది 150 అయితే, 3 లీటర్ల బోరు నీటికి 7 లీటర్ల ఆర్వో నీరు కలపాలి. ఆ పాళ్లను బకెట్ మీద గీతగా గీసుకొని ప్రతిసారీ అంతే కలపడం ముఖ్యం. మొదటి రెండు మూడు జల్లులు పోనిచ్చి, శుభ్రమైన డాబా మీంచి పట్టిన వాన నీరు ఆర్వో నీటికి బదులుగా పనికొస్తుంది. రాతిపొడి ఎగిరే గనుల, సిమెంటు కర్మాగారాల చెంత మాత్రం దాన్ని కొలిచాకే వాడాలి. ఎండిన బాదం ఆకులు నీటికి లేత టీ రంగు ఇచ్చి పీహెచ్‌ను కొంచెం దించుతాయి, అదీ మెత్తని నీటిలోనే. తాండూరు బోరు నీటిలో వాటి ఆమ్లాన్ని క్షారత్వం మింగేస్తుంది.

వేసవిలో ఆవిరైన నీటికి బదులు బోరు నీరు పోస్తూ పోతే కఠినత్వం వారం వారం పేరుకుంటుంది, ఎందుకంటే ఆవిరిలో నీరు మాత్రమే పోతుంది, రాయి తొట్టిలోనే మిగులుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాములున్న నీరు వారానికి 5 లీటర్లు పోస్తే, 60 లీటర్ల తొట్టిలో ప్రతి వారం 2.5 గ్రాముల సున్నం అదనంగా చేరుతుంది. అందుకే తగ్గిన మట్టాన్ని ఆర్వో లేదా వాన నీటితో నింపి, వారానికి ఐదో వంతు పాతనీరు తీసి, అలవాటైన మిశ్రమంతో మార్చాలి. వానాకాలం మొదలై కాగ్నాలో కొత్తనీరు పారిన తర్వాత భూగర్భ జలం పలచబడవచ్చు, ఎండాకాలంలో బోరు మట్టం దిగినప్పుడు చిక్కబడవచ్చు. ఏడాదిలో కనీసం మూడుసార్లు, వానలకు ముందు, వానల తర్వాత, చలికాలం చివర, అదే బోరు నీటిని గాలి పట్టించి కొలిచి, జీహెచ్, కేహెచ్, పీహెచ్ అంకెలను తొట్టి పక్కన వేలాడదీసిన చిన్న పుస్తకంలో తేదీతో రాసిపెట్టుకున్న ఇంట్లో, చేపలకు మేత వేసే పిల్లలే చుక్కలు లెక్కపెట్టడం నేర్చుకుంటారు.